ఆస్పరి జింకకు టెక్సాస్‌లో టిక్కెట్టు

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, జూపార్కుల దగ్గర క్యూలు పెరిగిపోతాయి. హైదరాబాద్‌లో 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు, విశాఖలో 1977లో మొదలైన ఇందిరాగాంధీ జూపార్కు, తిరుపతిలో 1987లో ఏర్పాటైన శ్రీవేంకటేశ్వర జూపార్కు... ఏ ఊరివాళ్లకు దగ్గరైనది వాళ్లకుంది. లోపలికి అడుగుపెట్టగానే పిల్లలు వెతికేది పరదేశపు జంతువుల కోసమే. నీళ్లలోంచి నోరు తెరిచే నీటి ఏనుగు, తాడిచెట్టంత మెడ ఉన్న జిరాఫీ, ఏనాడూ చూడని రంగుల చిలుకలు... అక్కడే ఉంటుంది సందడంతా. జింకల ఆవరణ దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. ‘జింకలే కదా’ అనుకుంటూ ముందుకు సాగిపోతారు.

ఆ జింకల్లోనే మెలి తిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో, తెల్లని పొట్టతో ఒకటి నిలబడి ఉంటుంది. దాని పేరు కృష్ణజింక. భూమికి అవతలి వైపున, అమెరికాలోని టెక్సాస్‌లో, దాన్ని చూడటానికి జనం టిక్కెట్టు కొని కార్లలో బారులు తీరతారు. ఇక్కడ కర్నూలు జిల్లా పశ్చిమాన ఆస్పరి, ఆలూరు, ఆదోని, దేవనకొండ చేలల్లో అదే జింక మందలు మందలుగా తిరుగుతుంది. గుంతకల్లు నుంచి ఆదోని వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే అదృష్టం బాగున్న రోజున పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. చూసేవాళ్లకు ఖర్చు లేదు. మరి ఆ జింకల మేత ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నట్టు?

పాతకాలపు పరిచయం

కృష్ణజింక మనకు కొత్తది కాదు. మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ తెలుగువాళ్లు వేర్వేరు పేర్లతో పిలుచుకున్నారు. పుట్టినప్పుడు ఆడైనా మగైనా లేత గోధుమ రంగులోనే ఉంటుంది. మగది ఎదిగేకొద్దీ, మూడో ఏడు దాటేసరికి, వీపు మీద రంగు చిక్కబడి నలుపు తిరుగుతుంది. కంటి చుట్టూ తెల్లటి వలయం. తల మీద మూడు నుంచి ఐదు మెలికలు తిరిగిన కొమ్ములు. వీపు ఎంత నల్లగా ఉంటే మందలో దానికి అంత పెద్దరికం. ఆడదానికి సాధారణంగా కొమ్ములుండవు. ఆరు నెలలు మోసి ఒకే ఒక్క పిల్లను కంటుంది.

పరుగు మొదలుపెడితే గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ప్రమాదం పసిగట్టగానే ముందు ఒక జింక నిట్టనిలువునా గాల్లోకి ఎగురుతుంది. దాన్ని చూసి పక్కది, ఆ తర్వాత మరొకటి... చూస్తుండగానే మందంతా బంతుల్లా ఎగిరెగిరి పడుతూ దూరమైపోతుంది. ఆ దృశ్యం చూసినవాళ్లు మరిచిపోలేరు.

మన ధర్మశాస్త్రాలు కృష్ణమృగం స్వేచ్ఛగా తిరిగే నేలే యజ్ఞానికి యోగ్యమైన నేల అన్నాయి. ఉపనయనంలో వటువుకిచ్చే కృష్ణాజినం దీని చర్మమే. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కూడా ఇదే. పంజాబ్, హర్యానాలకూ ఇదే. ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెల్లో అయితే, జింక చేలో అడుగుపెడితే వాన పడుతుందనీ పంట పండుతుందనీ తరాలుగా నమ్మకం. అక్కడి రైతులు వాటిని తరమరు. అటవీశాఖ 2018లో లెక్కపెడితే ఆ జిల్లాలో 4,044 జింకలు తేలాయి. 2021 నాటికి ఆ సంఖ్య 7,358కి చేరింది.

సముద్రం దాటిన జింక

ఇంతకీ టెక్సాస్‌కు ఎలా వెళ్లిందీ జింక? 1932లో అక్కడి ఎడ్వర్డ్స్ పీఠభూమిలోని పశువుల క్షేత్రాలకు దీన్ని తీసుకెళ్లారు. రాతి నేల, పొట్టి గడ్డి, ఎండ, తక్కువ వాన. మన రాయలసీమకు దూరపు చుట్టంలాంటి ప్రాంతం. జింకకు ఇల్లు మారినట్టే అనిపించలేదేమో, బాగా పెరిగింది. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలోని కృష్ణజింకలు 35 వేల దాకా ఉంటాయని అంచనా. దాదాపు అదే కాలంలో పుట్టినిల్లయిన భారతదేశం మొత్తానికీ వేసిన అంచనా 50 వేలు. అర్జెంటీనాలో కూడా వేలల్లో ఉన్నాయి. పాకిస్తాన్ సంగతి మరీ విచిత్రం. ఒకప్పుడు అక్కడి మైదానాల్లో తిరిగిన జింకలు వేటకు బలై కనుమరుగైతే, 1970లో టెక్సాస్ నుంచే జింకలను తెప్పించుకుని లాల్ సుహన్రా పార్కులో పెంచుకున్నారు. సొంత ఊరి జింకను అమెరికా నుంచి దిగుమతి చేసుకోవడమన్నమాట!

డాలస్ నగరానికి నైరుతి దిక్కున గ్లెన్ రోజ్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఫాసిల్ రిమ్ అని 1,800 ఎకరాల దాకా ఉండే వన్యప్రాణి పార్కు ఉంది. జిరాఫీలు, ఖడ్గమృగాలు, జీబ్రాలు, చీతాలు, వాటితోపాటు కృష్ణజింకలు. టిక్కెట్టు కొని సొంత కారులోనే లోపల తిరగొచ్చు. మేత సంచి కూడా అమ్ముతారు. కారు అద్దం దించి గుప్పెడు మేత విసిరితే జంతువులు దగ్గరకొస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శనాదివారాల్లో పిల్లలను ఎక్కించుకుని రెండు గంటల్లోపు చేరుకోగల చోటు అది.

ఆ కార్లలో ఒకటి ఆస్పరి పక్క పల్లెలో పుట్టి పెరిగిన అమ్మాయిదే అనుకుందాం. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసి, ‘నాయనా, ఈ రోజు పిల్లలతో జింకలకు మేత పెట్టించినాం’ అని మురిసిపోతూ చెబితే, అవతలి నుంచి ఏ మాట వస్తుందో ఊహించడం కష్టమేం కాదు. ‘ఏందమ్మా, దుడ్లిచ్చి మేపినారా? ఈడ అడగకుండానే మేసి పోతున్నాయి. మన చేన్లో కూచుంటే ఊరికేనే చూడొచ్చు గదా!’

నవ్వొచ్చే మాటే. కానీ ఆ నవ్వు వెనుక ఒక రైతు లెక్క ఉంది.

ఆస్పరిలో గేటు లేదు

పశ్చిమ కర్నూలులో సేద్యమంటే వానదేవుడితో జూదం. కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఎర్రనేల. పత్తి, వేరుశనగ, కంది, కొర్ర, జొన్న, పప్పుశనగ, ఉల్లి, టమాటా. ముంగారు వాన ఒకటి గట్టిగా పడితే గొర్రు కడతారు. ఆపైన వారం పది రోజులు ఆకాశం వైపే చూపు. మొలక పైకి వచ్చిందంటే సగం గండం గట్టెక్కినట్టే.

సరిగ్గా అప్పుడే జింకలు వస్తాయి. పచ్చిక బీళ్లలో గడ్డి ఇంకా లేవని రోజుల్లో వాటికి కళ్లెదుట కనిపించే పచ్చదనం ఆ మొలకే. ఒక జింక తినేది ఎంత అని తీసిపారేయడానికి లేదు. అది ఒంటరిగా రాదు. ఇరవయ్యో ముప్ఫయ్యో ఉన్న మంద తెల్లవారుజామున ఒక చేలో దిగిందంటే, కొరికిన మొలక కొంత, గిట్టల కింద నలిగిన మొలక మరింత. రైతు వచ్చేసరికి సాళ్లు సాళ్లుగా చేను బోసిపోయి ఉంటుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ గొర్రు కట్టాలి, కూలీలను పిలవాలి. అప్పటికి పదును ఆరిపోతే ఆ డబ్బూ మట్టిపాలే.

అందుకే ఆ రోజుల్లో చేలకు కొత్త అలంకరణలు కనిపిస్తాయి. గట్ల వెంట ఇంట్లోని పాత చీరలన్నీ కట్టెలకు చుట్టి తెరలు కడతారు. వలలు చుడతారు. దిష్టిబొమ్మలు నిలబెడతారు. డబ్బా మోగిస్తారు, టపాకాయలు పేలుస్తారు. నాలుగు రోజులు జింకలు బెదురుతాయి. ఐదో రోజు ఆ చీర కదలడం గాలికేనని వాటికీ అర్థమవుతుంది. చివరకు మిగిలేది మనిషి కాపలా ఒక్కటే. తెల్లారకముందే చేనికి వెళ్లాలి, పొద్దుగూకాక ఇంటికి రావాలి. ఒకరి చేలోంచి తరిమితే పక్కవారి చేలో పడతాయి. దాంతో ఇరుగుపొరుగు మధ్య మాటలు కూడా పెరుగుతాయి.

ఈ ప్రాంతానికి ఇంకో కష్టం కూడా ఉంది. ఇక్కడ దాన్ని సుగ్గి అంటారు. పంట చేతికి రాని ఏడు పల్లెలకు పల్లెలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లిపోతాయి. పిల్లల బడి కూడా వాళ్లతోపాటే తెగిపోతుంది. ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. కరువు, అప్పు, అరకొర ధర... వలసకు కారణాలు చాలా ఉన్నాయి. ఆ లెక్కలో జింక మేసిన చేను కూడా ఒకటి. ముసలి కాళ్లు జింక వెంట ఎంత దూరం పరుగెత్తగలవు?

వేటాడేది మాయమైంది

కృష్ణజింకకు అంత పరుగు ఎందుకు వచ్చింది? ఒకప్పుడు దాని వెంటపడిన శత్రువు కూడా మామూలుది కాదు. నేల మీద అన్నిటికంటే వేగంగా పరుగెత్తే చీతా. మొగలాయి పాదుషాలు చీతాలను మచ్చిక చేసి జింకల వేటకు వాడేవారు. అక్బరు దగ్గర వెయ్యి చీతాలుండేవని చెబుతారు. గుజరాత్‌లోని భావనగర్ రాజులు చీతాలతో జింకలను వేటాడించిన గడ్డిభూమే తర్వాత, 1976లో, వెలావదర్ జాతీయ పార్కు అయింది.

1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో మూడు చీతాలను కాల్చి చంపారు. ఈ దేశంలో నమోదైన ఆఖరి చీతాలు అవేనంటారు. 1952లో అవి అంతరించిపోయాయని ప్రభుత్వం ప్రకటించింది. మళ్లీ 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలు వచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో దిగేదాకా మన అడవుల్లో చీతా లేదు. హైదరాబాద్ జూలో మాత్రం 2013లో సౌదీ యువరాజు కానుకగా వచ్చిన జంట ఉండేది. అబ్దుల్లా, హీబా వాటి పేర్లు. హీబా 2020లో, అబ్దుల్లా 2023లో చనిపోయాయి. అవి బతికి ఉన్నంతకాలం పాత శత్రువులిద్దరూ ఒకే జూలో, వేర్వేరు కంచెల వెనుక కాలం గడిపారు.

చీతా పోయింది. మైదానాల్లో మిగిలిన తోడేళ్లూ తగ్గిపోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. చంపితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. రాజస్థాన్‌లో 1998లో జరిగిన వేట కేసులో పేరున్న సినిమా నటుడికి 2018లో కోర్టు ఐదేళ్ల శిక్ష వేయడం దేశమంతా చూసింది. ఆ చట్టం లేకపోతే ఈ జింక ఈపాటికి బొమ్మల్లోనే మిగిలేది. అందులో సందేహం లేదు.

అయితే జింకను కాపాడిన చట్టం, జింక మేసే గడ్డినేలను కాపాడలేకపోయింది. అడవి అంటే చెట్లుండాలన్న లెక్కలో గడ్డినేలలు ‘బంజరు’ కిందికి వెళ్లిపోయాయి. బీళ్లు దుక్కులయ్యాయి. కృష్ణజింక దట్టమైన అడవిలో బతకదు. దానికి దూరందాకా కంటికి ఆనే మైదానం కావాలి. ఆ మైదానమంతా ఇప్పుడు ఎవరిదో ఒకరి పట్టా భూమి. అంటే జింక చేలోకి వచ్చిందనడం సగం నిజమే. చేను కూడా జింక ఇంట్లోకి వచ్చింది. ఆ మార్పుకు ఇవాళ్టి రైతును తప్పుపట్టలేం, జింకనూ తప్పుపట్టలేం.

తిట్టిన చేతులే కాపాడతాయి

ఎండాకాలంలో ఈ పల్లెల్లో ఇంకో దృశ్యం. వంకలు ఎండిపోతాయి. దప్పికతో జింకలు ఊళ్ల దాకా వస్తాయి. కుక్కలు వెంటపడతాయి. గోడ లేని బావుల్లో పడిపోతాయి. రోడ్డు దాటుతూ వాహనాల కింద, పట్టాలు దాటుతూ రైళ్ల కింద పడతాయి. అలాంటప్పుడు కుక్కలను తరిమి, జింకను ఎత్తుకొచ్చి, నీళ్లు తాగించి, అటవీశాఖవాళ్లకు కబురు పెట్టేది ఎవరనుకున్నారు? మొన్నటిదాకా దాన్ని శాపనార్థాలు పెట్టిన రైతులే. తాళ్లు కట్టుకుని బావిలోకి దిగేదీ వాళ్లే.

చేతికొచ్చిన పంట పోగొట్టుకున్న మనిషి, చేతికి దొరికిన జింకను వదిలేస్తున్నాడు. ఇది చట్టానికి భయపడి మాత్రమే అనుకుంటే పొరపాటు. భయమైతే కబురు పెట్టి ఊరుకోవచ్చు, బావిలో దిగనక్కర్లేదు. నోరులేని జీవమన్న జాలి ఒకటుంది. ఆ జాలి మీదే ఈ మందలన్నీ బతుకుతున్నాయి. కానీ ఏటా రెండుసార్లు విత్తనం కొనాల్సి వస్తే ఆ జాలి ఎంతకాలం నిలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు అదే ఉమ్మడి జిల్లాలో ఒకసారి కనిపించింది. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టారు. రక్షణ దొరకడంతో గడ్డి బాగుపడింది, జింకలు పెరిగాయి. పెరిగిన జింకలు హద్దు దాటి చేలల్లో పడ్డాయి. జింక మీద కోపం అభయారణ్యం మీదికి మళ్లింది. ఏ పక్షి కోసం అదంతా పెట్టారో ఆ బట్టమేక దాదాపు కనుమరుగైంది. ఊరి మనసు గెలవకుండా కంచె ఒక్కటే వేస్తే ఏమవుతుందో ఆ అనుభవం చెప్పింది.

మరి దారేది?

‘జింకల పార్కు పెట్టండి’ అన్న మాట ఆస్పరి, ఆలూరు వైపు చాలాకాలంగా వినిపిస్తోంది. చెప్పినంత తేలిక కాదది. కృష్ణజింక మహా బెదురు జంతువు. వల వేసి పట్టుకుంటే ఆ హడలుకే గుండె ఆగి, కండరాలు బిగిసి చనిపోయే ప్రమాదముంది. అయినా దారులు లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో ఇలాగే పంటలు పోతుంటే, 2025లో దక్షిణాఫ్రికా నిపుణుల సాయంతో హెలికాప్టరు వాడారు. గరాటు ఆకారంలో తెరలు కట్టి, మందలను మెల్లగా అందులోకి మళ్లించి, ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను అభయారణ్యాలకు తరలించారు. చేయి తగలకుండా తోలుకుపోవడమే అందులోని కిటుకు. కాకపోతే తీసుకెళ్లి వదలడానికి మంచి గడ్డినేల, నీళ్లు ఉండాలి. అవి లేకపోతే ఒక ఊరి బాధను ఇంకో ఊరికి పంపినట్టే అవుతుంది.

రెండో దారి పరిహారం. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని కూడా చేరుస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఖరీఫ్ నుంచి అమలు. నష్టం జరిగిన 72 గంటల్లోగా రైతు ఫోన్ యాప్‌లో ఫొటోలతో తెలపాలి. ఏ జంతువులను, ఏ జిల్లాలను ఆ జాబితాలో పెట్టాలన్నది రాష్ట్రాలు తేల్చాలి. కృష్ణజింక పేరు, పశ్చిమ కర్నూలు మండలాల పేర్లు అందులో ఉన్నాయో లేదో ఇక్కడి రైతులు అడిగి తెలుసుకోవలసిన సంగతి. ఫొటో తీసి యాప్‌లో పెట్టడం రాని పెద్దవాళ్లకు ఊళ్లోని చదువుకున్న పిల్లలు చేయగల సాయం కూడా ఇదే. పోయిన మొలకకు డబ్బు పదును ఆరకముందే అందితే, ఆ రైతు మళ్లీ విత్తుకోగలడు. ఏడాది తిరిగాక అందే చెక్కు అప్పు వడ్డీకే చాలదు.

టెక్సాస్‌లో పద్ధతి వేరు. అక్కడ పరదేశపు జింక భూమి యజమానికి ఆస్తి. చూడటానికి వచ్చేవారి దగ్గరా, వేటాడటానికి వచ్చేవారి దగ్గరా అతను డబ్బు తీసుకుంటాడు. జింక ఎంత పెరిగితే అతనికి అంత లాభం. వేట మన దారి కాదు, కాకూడదు కూడా. కానీ ఆ పద్ధతిలో ఒక న్యాయం దాగి ఉంది. జింకను పోషిస్తున్నవాడికి ఆ పోషణకు ప్రతిఫలం అందుతోంది. ఏ జూలోనైనా అంతే. టిక్కెట్టు డబ్బు, ప్రభుత్వ నిధి మేత కొంటాయి. జంతువును సాకే మనిషికి నెల జీతం ఉంటుంది.

ఆస్పరి చేలల్లో రాష్ట్ర జంతువును సాకుతున్న రైతుకు జీతం లేదు సరే, నష్టపరిహారం కూడా సమయానికి దక్కకపోతే ఎలా? చట్టం జింకను పులి పక్కన కూర్చోబెట్టింది. దాన్ని మేపుతున్నవాడికి కనీసం ఆ విత్తనం ధర చెల్లించడం రాష్ట్రానికి మోయలేని భారమేమీ కాదు. రాష్ట్ర జంతువు మనందరిదీ అయినప్పుడు, దాని మేత బిల్లు ఒక్క రైతు ఇంటికే పంపడం న్యాయం కాదు.